నరముల వ్యాధియు మన కర్తవ్యమును

వికారాబాదు బాలబాలికలకు అనంతగిరి కొండయు, దానిమీది క్షయరోగుల వైద్యశాలయు తెలియనివి గావు. ఒకప్పుడు క్షయ సోకినవారికి మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము తప్ప వేరు గతి లేకుండెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. దాని వెనుక మరికొన్ని మందులు వచ్చెను. అయినను ఒక ప్రశ్న మిగిలెను: వైద్యశాలలో మంచము దొరకని బీదవాడేమి కావలెను? దీనికి ఉత్తరము మద్రాసులో దొరికెను. 1956లో అక్కడ ఆరంభించిన పరిశోధనలో కొందరు రోగులను సానటోరియమునందును, కొందరిని వారి యిరుకు ఇండ్లయందును ఉంచి, అందరికిని అవే మందులిచ్చిరి. ఇంట నున్నవారును దాదాపు తక్కినవారివలెనే కుదుటపడిరని 1959లో లోకమునకు తెలిసెను.

మందును కనుగొనుట ఒక పరిశోధన. దానిని బీదవాని గడపకు చేర్చు దారిని కనుగొనుట మరియొక పరిశోధన. రెండవది మొదటిదానికంటె తక్కువది గాదని మా యభిప్రాయము. ఈ మాటనే నేడు వేరొక వ్యాధి విషయమున చెప్పదలచితిమి.

ఆ వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. 1868లో షార్కో అను పారిసు వైద్యుడు దీనిని ప్రత్యేక రోగముగా వివరించెను. విద్యుత్తు తీగకు పైతొడుగు ఎట్లో, మెదడులోను వెన్నుపాములోను నుండు నరపు పోగులకు మైలిన్ అను క్రొవ్వు పొర అట్లు. మనల గాపాడవలసిన రోగనిరోధక శక్తియే పొరబడి ఆ పొరను పాడుచేయును. అప్పుడు ఒక కన్ను నొప్పితో మసకబారవచ్చును. కాలు తిమ్మిరెక్కి నడక తూలవచ్చును. ఎంత నిద్రించినను అలసట తీరకపోవచ్చును. కొన్ని వారములకు ఇవి తగ్గి, మరల వచ్చుట కలదు. ఇరువది, నలువది యేండ్ల నడుమనే ఇది తరచుగా మొదలగును. పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. ఇది అంటువ్యాధి గాదు.

దీనిని సమూలముగా పోగొట్టు మందు ఇంకను లేదు. కాని నివారించు మందులు కలవు. ఇశ్రాయేలు దేశపు వైజ్మన్ సంస్థలోని శాస్త్రజ్ఞులు జంతువులలో ఇట్టి రోగమును పుట్టించి పరిశీలించుటకై ఒక కృత్రిమ పదార్థమును చేసిరి. అది రోగమును పుట్టింపక, వచ్చు రోగమునే అణచెను! అదియే గ్లాటిరమర్. 1996లో అమెరికా ప్రభుత్వము దానిని అంగీకరించెను. అట్టి మందునే హైదరాబాదులోని నాట్కో కంపెనీ తయారుచేయగా, 2017లో అమెరికాలో అనుమతి లభించెను. రక్తపు కాన్సరుకై పుట్టిన రిటక్సిమాబ్ అను మందును 2007లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కంపెనీ మన దేశమున తెచ్చెను. స్వీడను దేశపు వైద్యులు దానిని ఈ నరముల వ్యాధియందు పరీక్షించి, 2022లో ఫలితములు ప్రకటించిరి. రెండేండ్లలో ఈ మందు పొందిన 98 మందిలో ముగ్గురికి మాత్రమే రోగము తిరుగబెట్టెను. వేరొక మందు పొందిన 97 మందిలో 16 మందికి తిరుగబెట్టెను. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధికై మూడు మందులను అత్యావశ్యక ఔషధముల పట్టికలో చేర్చెను. ఆ మూడింటిలో రెండు పైని చెప్పినవే.

ఇక తాండూరు బండల గనిలో పనిచేయువారి బిడ్డ యొకతె కలదనుకొందము. ఆమె కన్ను మసకబారెను, అద్దములు కొనిపెట్టిరి, నెలకు చూపు తిరిగి వచ్చెను, అందరును మరచిరి. మరుసటి యేడు కాలు ఈడ్చుచున్నది. ఇంటివారు సోమరితన మందురు. ఇరుగుపొరుగువారు గాలి సోకిన దందురు. నరముల వైద్యుని చేరునప్పటికి ఏండ్లు గడచును. ఈ మందులు క్రొత్త దెబ్బలను తగ్గించునే గాని, తగిలిన దెబ్బలను మాన్పజాలవు. కావున ఇందు ఆలస్యమే శత్రువు. 1874లో వేసిన రైలుదారి తాండూరును వికారాబాదును రాజధానితో కలిపియే యున్నది. మందు చేయు నగరము ఆ దారిమీదనే యున్నది. లేనిది, మందును రోగియొద్దకు చేర్చు ఏర్పాటు.

“జ్వరములకే వైద్యము చాలని చోట, అరుదైన రోగమునకింత శ్రమ యేల?” అని కొందరడుగవచ్చును. వారి ప్రశ్న న్యాయమైనదే. కాని ఈ రోగము సంపాదించు వయసువానిని, పిల్లల తల్లిని పడగొట్టును. ఒకరు పడిన ఇల్లంతయు పడును. పాత మందును క్రొత్త పనికి పరీక్షించుట వలన వ్యాపారికి లాభము కొద్ది. కనుక ప్రభుత్వమును వైద్య కళాశాలలును పూనుకొనవలెను. మన జిల్లాలలో మొదటి లక్షణమునకును, రోగనిర్ణయమునకును నడుమ ఎంత కాలము గడచుచున్నది? తక్కువ వెలకు దొరకు మందును జిల్లా ఆస్పత్రిలోనే, తగిన జాగ్రత్తతో, ఇయ్యవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకును మద్రాసువారివలె ఉత్తరము వెదకవలెనని మేము కోరుచున్నాము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేర్కొన్నది గనుక, ఇది దయాధర్మము గాదు, హక్కు.

తలిదండ్రులారా, చూపు తగ్గి తిరిగి వచ్చినచో ఊరకుండకుడు, వైద్యునితో చెప్పుడు. ఉపాధ్యాయులారా, ఈ రోగము గలవారికి ఎండవేడిమి బాధను పెంచును. తాండూరు వేసవిలో అట్టివారిని నీడను కూర్చుండబెట్టుడు, సోమరులని నిందింపకుడు. బాలబాలికలారా, చెడిన మైలిన్ పొరను తిరిగి అల్లు మందు ఇంకను ఎవ్వరికిని దొరకలేదు. జీవశాస్త్రమును పరీక్షకొరకే చదువకుడు. ఆ పని మీ చేతులకొరకు వేచియున్నది.