కుందూ ఒండ్రులో పాత మందులు

కోయిలకుంట్ల దగ్గర పారే కుందూ వరదొస్తే పొలాలకు ఒండ్రు చేరుతుంది. ఆ మట్టికి బలమెక్కువని రైతు మురుస్తాడు. కానీ మన పత్తి చేలలో ఏళ్ల తరబడి కొట్టిన ఎండోసల్ఫాన్, అంతకుముందటి డీడీటీ నీటిలో సులువుగా కరగవు. సన్నని బురదను అంటుకుని ఉండిపోతాయి. సేద్యంలో డీడీటీని 1989లో ఆపారు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసింది. అయినా డీడీటీ అవశేషాలు మట్టిలో దశాబ్దాలుంటాయి. బురదలోని పురుగు నుండి చేపకు, చేప కొవ్వు నుండి మనిషికి, తల్లిపాల ద్వారా బిడ్డకు చేరతాయి. పైనున్న నీళ్లను మాత్రమే పరీక్షించి ఊరుకుంటే లాభమేమిటి?

ఇలాంటి రసాయనాలపై స్టాక్‌హోం ఒప్పందాన్ని భారత్ 2006లోనే ఆమోదించింది. పూడిక తీసి పొలాలకు తోలకముందే కాలుష్య నియంత్రణ మండలి ఆ మట్టిని పరీక్షించి, ఫలితాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. ఏటి చేప తినే ఇళ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి గనుక, అర్జీ పెట్టడానికి సంఘపెద్దలు వెనుకాడనవసరం లేదు.