పాఠం ఎలా ఉందని పిల్లలను అడుగుదాం

సరిహద్దు జిల్లాల తెలుగు బడుల కోసం మనం పెట్టుకునే వినతిపత్రాలలో రెండు అంకెలు తప్పక ఉంటాయి. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఉంటే ప్రాథమిక స్థాయిలో వారి మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ఆ కోరికకు బలమిచ్చింది. న్యాయవాదిగా నేనూ ఈ ఆధారాలతోనే వాదిస్తూ వచ్చాను. అయితే ఆ పదిమంది పిల్లలు తమ తెలుగు పాఠం గురించి ఏమనుకుంటున్నారో చెప్పే కాగితం మాత్రం ఏ దస్త్రంలోనూ కనబడదు.

బళ్లారి గాంధీనగర్‌లో ఒక తెలుగు ఉపాధ్యాయుడు ఏడాది చివర పిల్లలకు చీటీలు పంచి, పేర్లు రాయనక్కరలేదని చెప్పి, తన పాఠంలో ఏది కష్టమైందో రాయమన్నారు. ఆ చీటీలను నాకు చూపించారు. ఎక్కువ వాటిలో ‘బాగుంది సార్’ అని మాత్రమే ఉంది. ఒక చీటీలో మాత్రం ఇలా ఉంది: ‘మా అవ్వ యాడికి అంటాది. మీరు తప్పని కొట్టేసినారు. మా అవ్వకు తెలుగు రాదా సార్?’ మరొకరు, కన్నడ పీరియడు అయిన వెంటనే తెలుగు రాయాలంటే ‘త’ అక్షరం దగ్గర చేయి తడబడుతోందని రాశారు.

ఉపాధ్యాయునికి జీవితాంతం గుర్తుండవలసినవి ఇటువంటి మాటలే. మెచ్చుకోలు మనసుకు హాయినిస్తుంది గాని, పాఠం ఎక్కడ తెగిందో చెప్పదు. ‘యాడికి’, ‘బ్యాళ్లు’, ‘ఉర్లగడ్డ’ అనే ఇంటి మాటలన్నీ తప్పులేనని పిల్లలకు తోచిన నాడు, తెలుగు ఇంటికీ చెందక, ఉద్యోగానికీ పనికిరాక, కేవలం ఒక పరీక్షగా మిగులుతుంది. అటువంటి పరీక్షను మరుసటి ఏడు ఎవరు కోరుకుంటారు? హాజరుపట్టీలో పది తొమ్మిదయ్యేది అక్కడే. ఆ తరువాత మన వినతిపత్రానికి ఆధారమే ఉండదు.

ఆ ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేయడం మానారు. నల్లబల్లపై ‘ఇంటి మాట’, ‘పుస్తకం మాట’ అని రెండు వరుసలు గీసి, ఏది ఎక్కడ వాడాలో చెప్పసాగారు. రెండు లిపుల ‘త’లనూ పక్కపక్కన రాసి తేడా చూపారు. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం కాలేదు.

నేర్చుకొనేవారి నోటిమాటకు విలువనివ్వడం మనకు కొత్తేమీ కాదు. నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863-1940) సవర పిల్లలకు చదువు చెప్పేందుకు తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రచించారు. వ్యావహారిక భాషోద్యమానికి సారథ్యం వహించిందీ ఆయనే.

చట్టమూ ఈ వైపే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించాలనడంతో ఆగలేదు. బిడ్డను భయం నుండి విముక్తం చేసి, తన అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పేలా తోడ్పడాలని కూడా అన్నది. మనం మొదటి మాటనే ఎత్తి చూపుతున్నాము. రెండవదీ మన హక్కే.

చీటీలు అధికారుల చేతికి పోతే తెలుగు విభాగాన్ని మూయడానికి సాకు దొరుకుతుందని ఉపాధ్యాయులు భయపడుతున్నారు. ఆ భయం అర్థం లేనిది కాదు. అందుకే చీటీపై పేరు ఉండరాదు. అది ఉపాధ్యాయుని చేయి దాటరాదు. దానితో ఎవరికీ మార్కులు వేయరాదు.

తల్లిదండ్రులారా! మీ బడి ఎస్.డి.ఎం.సి. సమావేశంలో ఈ ఏర్పాటు కోరండి. అడగవలసినవి మూడే ప్రశ్నలు: పాఠంలో ఏది అర్థం కాలేదు? మీ ఇంటి మాటల్లో దేనిని తప్పన్నాము? వచ్చే ఏడు తెలుగు చదువుతారా, ఎందుకు? మూడవ ప్రశ్నకు ‘చదవను’ అని జవాబు వస్తే బిడ్డను కోప్పడకండి. కారణం అడగండి. పదిమందిని నిలుపుకునే దారి ఆ కారణంలోనే ఉంటుంది.