బండి అదిరితే ముందు అడగండి, ఆ తరువాత విప్పండి



పోయిన నెల మీటింగులో మన వ్యాను మాట వచ్చింది. నిలబెట్టి ఉంచితే ఇంజను అదురుతోంది, ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతోంది, సిగ్నల్లో ఒక్కోసారి ఆగిపోతోంది. టౌనులో ఒక షెడ్డువాళ్ళు 14,000 రూపాయలకు ఎస్టిమేటు రాసిచ్చినారు. త్రాటిల్ బాడీ, కాయిలు, ఒక సెన్సారు, మూడూ మార్చాలట. "పాత బండికి ఇంత పెట్టేదానికంటే అమ్మేద్దాం" అని కొందరు అన్నారు. ఆ మాట మీద ఇంకా ఓటు కాలేదు. అయ్యేలోగా నాలుగు మాటలు చెప్పాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాము. ఓపికగా చదవండి.

ఆ వ్యానులో ఎవరు పోతారో అందరికీ తెలుసు. కనియంబాడి నుంచి వేలూరుకు బస్సులకేం తక్కువ లేదు. కానీ డయాలసిస్ అయి బయటికొచ్చిన మనిషిని, కంటికి కట్టు కట్టిన అవ్వను, కత్తిరి ఎండలో బస్టాండులో నిలబెట్టి బస్సెక్కించడం ఎట్లా ఉంటుందో చేసినవాళ్ళకు తెలుసు. వ్యాను పోతే మళ్ళీ ఇంకొకటి కొనేంత డబ్బు సంఘంలో లేదు. కాబట్టి ఇది ఒక్క ఇంజను సంగతి కాదు.

మా అభిప్రాయం ఒకటే. ఐడ్లింగులో అదరడం జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. జ్వరం లాంటిది. జ్వరమని పోతే డాక్టరు ఎప్పటి నుంచి, చలి ఉందా, దగ్గుందా అని అడుగుతాడు. అడగకుండానే మూడు ఆపరేషన్లు రాసిస్తే మనం ఊరుకుంటామా? బండికి మాత్రం ఊరుకుంటున్నాము. ఏ పార్టు పాడయిందో కళ్ళకు చూపించకుండా పార్టు మార్చడానికి సంఘం డబ్బు ఇవ్వకూడదు. ఇదీ మేము చెప్పదలచింది.

బండి పరుగెత్తేటప్పుడు బాగుండి, నిలబడితే ఎందుకు అదురుతుంది? పెట్రోలు ఇంజను ఐడ్లింగులో నిమిషానికి సుమారు 700 నుంచి 900 సార్లు తిరుగుతుంది. ఆ వేళ త్రాటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది. లోపలికి పోయే గాలి చాలా కొంచెం. ఆ కొంచెం గాలిని లెక్కపెట్టి కంప్యూటరు తగినంత పెట్రోలు వదులుతుంది. మామూలు పెట్రోలుకైతే బరువు లెక్కన ఒక పాలుకు గాలి సుమారు 14.7 పాళ్ళు. ఎక్కడో ఒక పగిలిన పైపు గుండా లెక్కలో లేని గాలి దూరితే ఈ లెక్క చెడుతుంది. రోడ్డు మీద అరవై వేగంలో పోయేటప్పుడు ఇంజను బోలెడంత గాలి తాగుతుంది, అందులో ఈ దొంగగాలి కనబడదు. గంగాళంలో ఒక చెంచా నీళ్ళు ఎక్కువైతే ఎవరికీ తెలియదు, చిన్న గ్లాసులో ఎక్కువైతే పొర్లుతుంది. అందుకే చిన్న లోపాలు ముందు ఐడ్లింగులో బయటపడతాయి.

రైల్వేలో పని చేసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. మన కాట్పాడి విళుప్పురం లైను మీటరు గేజిగా ఉన్న రోజుల్లో బండ్లకు వ్యాక్యూం బ్రేకులు. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక పైపు, పెట్టెకూ పెట్టెకూ మధ్య రబ్బరు హోసు. ఆ పైపులో వ్యాక్యూం నిలిస్తేనే బ్రేకు వదులుతుంది. ఎక్కడ గాలి దూరినా బ్రేకు పట్టుకుంటుంది, బండి కదలదు. ఎవరైనా చైను లాగినా జరిగేది అదే. అప్పుడు గార్డు ఏం చేసేవాడు? పెట్టె పెట్టెకూ నడిచి బుసకొట్టే చప్పుడు ఎక్కడ వస్తోందో చెవిపెట్టి వినేవాడు. ఏ పెట్టెలో చైను లాగినారో బయట బిళ్ళ తిరిగి ఉండేది, అది చూసి సరిచేసేవాడు. "బండి కదలడం లేదు, ఇంజను మార్చండి" అని ఏ గార్డూ కంట్రోలుకు చెప్పినది మేము వినలేదు.

కారుకూ ఇదే పద్ధతి. మొదట అడగవలసినవి ఇవి.

చల్లగా ఉన్నప్పుడు అదురుతుందా, వేడెక్కినాక అదురుతుందా, ఎప్పుడూనా? ఏసీ వేస్తే ఎక్కువవుతుందా? అట్లయితే భారం పడినప్పుడు ఇంజను తన్ను తాను నిలబెట్టుకోలేకపోతోందని అర్థం. త్రాటిల్లో మసి పట్టిందేమో, ఐడ్లింగు వాల్వు సరిగ్గా తెరుచుకోవడం లేదేమో చూడాలి. బ్రేకు తొక్కి పట్టుకుంటే ఐడ్లింగు మారి, కాలి దగ్గర బుసమంటుందా? బ్రేకు బూస్టరు కూడా ఇంజను వ్యాక్యూంతోనే పని చేస్తుంది, దాని హోసు చూడాలి. ఇది ఖర్చు మాట కాదు, ప్రాణం మాట. వెంటనే చూపించాలి.

తరువాత ముల్లును చూడండి. ముల్లు కదలకుండా నిలబడి బండి మాత్రం వణికితే, చాలాసార్లు లోపం ఇంజనులో ఉండదు, ఇంజను కింద రబ్బరు మౌంటింగులో ఉంటుంది. ముల్లు ఉయ్యాల మాదిరి ఒకే తీరున పైకీ కిందికీ ఊగితే గాలి లెక్క తప్పుతోంది. తీరూ తెన్నూ లేకుండా మధ్యలో ఒక్కో దెబ్బ తప్పుతుంటే ఏదో ఒక సిలిండరు మిస్సవుతోంది. ఈ మూడింటికీ వైద్యం వేరువేరు. మూడింటికీ ఒకే ఎస్టిమేటు రాయడం న్యాయం కాదు.

అడిగినాక చూడవలసిన వరుస ఏది? ఖర్చు లేనిది ముందు, ఖర్చు ఎక్కువయ్యేది చివర. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్టు ఎత్తి రబ్బరు పైపులన్నీ చేత్తో తడిమి చూడాలి. బిరుసెక్కినది, పగిలినది, క్లిప్పు ఊడినది, ఎలుక కొరికినది ఉందా? తరువాత ఇంజను స్టార్టు చేసి, అనుమానమున్న అతుకుల మీద సబ్బునీళ్ళు కొంచెం కొంచెం చల్లాలి. వైర్ల మీద పడకూడదు. ఎక్కడ చల్లినప్పుడు ఇంజను చప్పుడు మారిందో అక్కడే గాలి దూరుతోంది. తరువాత ఎయిర్ ఫిల్టరు, త్రాటిల్ బాడీ మసి. తరువాత ప్లగ్గులు. ఏ సిలిండరు మిస్సవుతోందో తెలిస్తే దాని ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి పెట్టాలి. మిస్సింగు కూడా పక్క సిలిండరుకు పోతే ప్లగ్గుదే తప్పు. పోకపోతే ప్లగ్గు మంచిదే, కాయిలునో ఇంజెక్టరునో చూడాలి. ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిలున్న బండ్లలో కాయిలుకూ ఇదే పరీక్ష. కొత్తది కొనకుండానే తేలిపోతుంది.

స్కానరు పెడితే సరిపోదా అంటారు కుర్రవాళ్ళు. పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. కానీ స్కానరు చెప్పేది ఫిర్యాదు, తీర్పు కాదు. పి 0301 అంటే ఒకటో సిలిండరు మిస్సవుతోందని. ఎందుకో అది చెప్పదు. పి 0171 అంటే పెట్రోలుకంటే గాలి పాలు ఎక్కువగా ఉందని. అది పైపు పగిలినందువల్ల కావచ్చు, పెట్రోలు పంపు నీరసించినందువల్ల కావచ్చు. సెన్సారు పేరు కనబడగానే సెన్సారు మార్చడం ఎట్లుంటుందంటే, కాట్పాడిలో బండి లేటని ఫిర్యాదు పుస్తకంలో రాసినందుకు కాట్పాడి స్టేషన్ మాస్టరును బదిలీ చేసినట్లుంటుంది. బండి ఎక్కడ ఆలస్యమయిందో ఎవరు చూస్తారు?

కొన్ని జాగ్రత్తలు. అతుకులు చూడటానికి పెట్రోలు, క్లీనరు స్ప్రే కొట్టకండి, వేడి ఇంజను మీద నిప్పంటుకుంటుంది. పంచె, తువ్వాలు, చీర కొంగు, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి. ఇంజను తిరుగుతుండగా ప్లగ్గు వైరు పీకకండి, షాకు కొడుతుంది, కాయిలు కూడా పోతుంది. కొత్త రకం ఎలక్ట్రానిక్ త్రాటిల్ రెక్కను తాళం వేసి ఉండగా వేలితో నెట్టకండి.

మన వ్యాను సంగతికి వస్తాము. మీటింగు తరువాత మాలో ఇద్దరు రిటైరయినవాళ్ళం, ఐటీఐ చదివిన మన వాడొకడు, ఒక ఆదివారం పొద్దున ఈ వరుసలోనే చూసినాము. బండి మూడు వారాలు కదలకుండా షెడ్డులో ఉండింది కదా, ఎలుక దూరి ఒక చిన్న వ్యాక్యూం హోసును కింది పక్క కొరికి పెట్టింది. పై నుంచి చూస్తే కనబడదు, చేత్తో తడిమితేనే తగిలింది. హోసు 220 రూపాయలు. త్రాటిల్ మసి తుడిపించి, నాలుగు ప్లగ్గులు కూడా కాలం తీరినవి కాబట్టి మార్పించినాము. ఇప్పుడు ముల్లు 800 దగ్గర నిలబడి ఉంది. కాయిలూ సెన్సారూ పాతవే.

దీనికి ఆ షెడ్డువాళ్ళను తిట్టాలని మా ఉద్దేశం కాదు. తప్పు మన వాడుకలో ఉంది. గంటసేపు వంగి చూసి, ఒక క్లిప్పు బిగించి, "సరిపోయింది" అంటే, ఆ మెకానిక్కుకు మనం ఎంత ఇస్తాము? "ఇంతేనా పని?" అని టీ డబ్బులిచ్చి పంపుతాము. అదే 5,000 రూపాయల పార్టు మార్చితే మారు మాట్లాడకుండా ఇస్తాము. బుర్రకు కూలి ఇవ్వకుండా ఇనుముకు మాత్రమే ఇస్తే, వాడు ఇనుమే రాస్తాడు. పిల్లల ఫీజులు వాడూ కట్టాలి కదా.

అరవదేశంలో స్థిరపడిన తెలుగువాళ్ళము మనం. జి.డి. నాయుడు గారి పేరు చెప్పుకొని గర్వపడతాము. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన మనిషి. బడి చదువు పెద్దగా లేదు. ఒక దొర మోటారు సైకిలు చూసి, అట్లాంటిది కావాలని హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి ఆ బండే కొన్నాడు. కొని ఊరేగలేదు, విప్పి చూసినాడు. ఏది దేనికి ఉందో తెలుసుకున్నాడు. 1920లో పొళ్ళాచ్చి పళని మధ్య బస్సు నడిపినాడు. తరువాత సంగతి లోకానికంతా తెలుసు. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఆ విప్పి చూసే గుణం. పేరు చెప్పుకుంటూ బానెట్టు ఎత్తడానికి భయపడితే ఏం గౌరవం?

"పాత బండిని ఎన్నాళ్ళని లాగుతారు?" అని అడిగేవాళ్ళ మాటలోనూ న్యాయముంది. రేపు కంప్రెషన్ పరీక్షలో సిలిండర్లు అరిగినాయని తేలితే, వాల్వులు కాలినాయని తేలితే, అమ్మే మాట మేమే ముందు ఎత్తుతాము. కానీ పరీక్ష చేసి అమ్మడం వేరు, భయపడి అమ్మడం వేరు.

వచ్చే మీటింగుకు మా కోరికలు ఇవి. వ్యానులో ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎప్పుడు అదిరింది, చల్లగానా వేడిగానా, ఏసీ ఉందా లేదా, నడిపినవాళ్ళు అప్పుడే రాయాలి. పని లేకపోయినా వారానికొకసారి అరగంట తిప్పాలి, అప్పుడు ఎలుకా కాపురం పెట్టదు, బ్యాటరీ కూడా చావదు. ఏ పార్టు మార్చినా, పాతది ఎందుకు పనికిరాదో చూపించి, ఆ పాత పార్టు మన చేతికివ్వాలి. లోపం కనిపెట్టినందుకు, పార్టు మార్చినా మార్చకపోయినా, మెకానిక్కుకు 500 రూపాయలు వేరే కూలి ఇవ్వాలి. నెలకొక ఆదివారం మన పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, బానెట్టు ఎత్తి చూపించాలి. మేము చదివింది అరవంలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు, షెడ్డులో అన్నీ ఇంగ్లీషు పేర్లు. మూడూ కలిపి చెప్పడానికి మాలాంటివాళ్ళం ఇంకా ఉన్నాము.

ఓటు వేసే ముందు ఒకసారి ఆలోచించండి. వేరే అభిప్రాయం ఉంటే కింద రాయండి, బదులిస్తాము.