సంఘపు కంప్యూటరు: కావలివానికి మనమిచ్చు మినహాయింపులు

వ్యవసాయ సహకార సంఘముల లెక్కలు కాగితపు ఖాతాలను విడిచి కంప్యూటరులోనికి చేరుచున్నవి. దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29 వ తేదీన రూ. 2,516 కోట్ల పథకమును ఆమోదించినది. ఇది మంచి మార్పేయని మా యభిప్రాయము. అయితే మన వాటాధనము, పంట ఋణము, తాకట్టు పెట్టిన బంగారము, ఎరువుల నిల్వ, వీని లెక్క యంతయు ఒక పెట్టెలో ఇమిడినప్పుడు ఆ పెట్టెకు కావలి యెట్లున్నదో విచారించుట సభ్యుల విధి కాదా?

దస్త్రములు పోయినచో రైతు గతి యేమగునో మన ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2024 జూలై 21 వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి రెవెన్యూ దస్త్రములు అనేకములు కాలిపోయెను. కాగితమునకు నిప్పు ఎట్టిదో కంప్యూటరు లెక్కకు హానికర సాఫ్ట్‌వేరు అట్టిది. దీనినే జనులు వాడుకలో వైరస్ అందురు. 2017 మే నెలలో వానాక్రై యను వైరస్ లోకమంతట వ్యాపించినప్పుడు, తంబళ్లపల్లె నాడు చేరియుండిన చిత్తూరు జిల్లాలోని పోలీసు కంప్యూటర్లును కొన్ని దాని వాతబడినవి. 2022 జనవరిలో హైదరాబాదు నందలి ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకునుండి దొంగలు రూ. 12 కోట్లకు పైగా తరలించిరి. ఉద్యోగులకు వచ్చిన ఈమెయిళ్లను తెరచుటవలన హానికర సాఫ్ట్‌వేరు లోనికి వచ్చెనని పోలీసులు తేల్చిరి. 2024 జూలై చివర, సహకార బ్యాంకులకును గ్రామీణ బ్యాంకులకును సాంకేతిక సేవ లందించు సి-ఎడ్జ్ సంస్థపై దాడి జరుగగా, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికముగ నిలిచిపోయెను. కావున చిన్న సంస్థలను దొంగలు విడిచిపెట్టుదురని తలచుట పొరపాటు.

ఇట్టి చొరబాటు నాపుటకై ప్రతి కంప్యూటరునందును యాంటీవైరస్ అను కావలివాని నుంతురు. ఏ ఫైలు తెరచినను, ఏ ప్రోగ్రాము నడిపినను వాడు ముందుగ పరీక్షించును. తానెరిగిన దొంగల గుర్తులతో సరిచూచును. గుర్తు తెలియనిదైనచో దాని నడవడిని గమనించును. అనుమానము తోచిన ఫైలును, జబ్బుచేసిన గొర్రెను మందనుండి వేరుచేసి కట్టినట్లు, వేరొకచోట బంధించును. ఏది చూడవలయును, ఏది చూడక విడువవలయును, అనుమానము కలిగినపుడు ఏమి చేయవలయును అను ఆజ్ఞలను ఒకచోట వ్రాసి కంప్యూటర్లన్నింటికిని పంపుదురు. ఈ యాజ్ఞల సముదాయమునకే పాలసీ యని పేరు.

కావలివాడు పొరబడుటయు కలదు. 2010 ఏప్రిల్ 21 వ తేదీన మకాఫీ సంస్థవారు తమ యాంటీవైరస్‌కు పంపిన క్రొత్త గుర్తుల పట్టిక, విండోస్ నడుచుటకు అత్యవసరమైన ఒక ఫైలునే వైరస్‌గా భ్రమించెను. వేలకొలది కంప్యూటర్లు పనిచేయక నిలిచెను. సంఘ కార్యాలయమందును లెక్కల సాఫ్ట్‌వేరు యొక్క క్రొత్త భాగమో, అచ్చుయంత్రపు ప్రోగ్రామో ఇట్లు పట్టుబడవచ్చును. ఎరువులకై రైతులు వరుసలో నిలిచియుండగా పని యాగును. అప్పుడు సాంకేతికుడు వచ్చి, “ఇది మనదే, విడువుము” అని కావలివానికి ఆజ్ఞ వ్రాయును. ఇట్టి యాజ్ఞల జాబితాయే వైట్‌లిస్టు, అనగా మినహాయింపుల పట్టిక. ఇది అక్కరలేదని మేము చెప్పము. అయితే ఆ యాజ్ఞను ఏ విధముగ వ్రాసిరి అనుదానియందే మేలును కీడును ఉన్నవి.

మినహాయింపు నిచ్చుటకు ముఖ్యముగ నాలుగు విధములు కలవు. మొదటిది ఫైలు పేరునుబట్టి. పేరు ఎవరైనను పెట్టుకొనగలరు, దొంగయు పెట్టుకొనగలడు. రెండవది ఫోల్డరునుబట్టి, అనగా ఈ గదిలో నున్న దేదియు పరీక్షింపవలదని చెప్పుట. మూడవది తయారుచేసిన సంస్థ యొక్క డిజిటల్ సంతకమునుబట్టి. నాలుగవది హ్యాష్ అను గుర్తునుబట్టి. ఫైలులోని సమస్తమును గణితముచే మథించి తీసిన గుర్తు ఇది. సాధారణముగ వాడు పద్ధతిలో 64 అక్షరము లుండును. ఫైలులో ఒక్క యక్షరము మారినను గుర్తు పూర్తిగ మారిపోవును.

విత్తనముల సంగతి తెలిసిన రైతునకు ఈ భేదము సులభముగ బోధపడును. ధ్రువీకృత విత్తనపు సంచికి నీలిరంగు ట్యాగు ఉండును. ట్యాగు చూచి సంచి కొనుట సంతకమును నమ్ముటవంటిది. సంచి విప్పి గింజను పరీక్షించి, ఆ గింజ వరకే సరేయనుట హ్యాష్ వంటిది. “ఈ గోదాములో నేడున్నవియు, రేపు వచ్చునవియు అన్నియు మంచి విత్తనములే” అని కన్నులు మూసికొని చెప్పుట ఫోల్డరు మినహాయింపు. సాంకేతికునకు అన్నింటికంటె సులభమైనది ఇదియే. సంఘమునకు అన్నింటికంటె అపాయకరమైనదియు ఇదియే.

ఇది వట్టి భయము కాదు. స్వీడను దేశమున కోప్ అను వినియోగదారుల సహకార సంస్థకు వందలకొలది దుకాణములు కలవు. 2021 జూలై 3 వ తేదీన వారి దుకాణములు సుమారు 800 మూతపడెను. సొమ్ము తీసికొను యంత్రములు పనిచేయలేదు. తప్పు కోప్ వారి దుకాణములలో జరుగలేదు. వారికి యంత్రముల సేవ నందించు సంస్థ, దూరమునుండి కంప్యూటర్లను నడుపుటకై కసేయా యను సంస్థ సాఫ్ట్‌వేరును వాడుచుండెను. ఆ సాఫ్ట్‌వేరు పనిచేయు ఫోల్డరును యాంటీవైరస్ పరీక్షనుండి మినహాయింపవలెనని తయారీదారులే సూచించియుండిరి. దొంగలు ఆ సాఫ్ట్‌వేరు నందలి లోపము ద్వారా ప్రవేశించి, తమ చెడుఫైలును సరిగా ఆ ఫోల్డరులోనే దింపిరి. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత ఇచ్చట అక్షరాల సరిపోయినది.

ఆ చెడుప్రోగ్రాముకు చెల్లుబాటగు డిజిటల్ సంతకము కూడ నుండెను. అంతియే కాదు, మైక్రోసాఫ్టు వారి యాంటీవైరస్ ప్రోగ్రాము యొక్క పాత ప్రతి నొకదానిని వెంట తెచ్చి, దాని చాటున తమ విషమును నడిపిరి. కంచెయే చేను మేసినట్లయ్యెను. కావున సంతకముకూడ ఒంటరిగ చాలదని తెలిసికొనవలయును.

“ప్రతి ఫైలునకును హ్యాష్ వ్రాయుట శ్రమ కాదా? సాఫ్ట్‌వేరు మారినప్పుడెల్ల క్రొత్త గుర్తు వ్రాయవలదా?” అని కొంద రడుగుదురు. నిజమే, శ్రమ కలదు. క్రొత్త గుర్తు వ్రాయువరకు పని కొంతసేపు ఆగవచ్చును. కాని ఆ జాప్యము గంటలతో పోవును. లెక్కలకు తాళము పడినచో పంటకాలమే పోవును. హ్యాష్ వ్రాసిన మాత్రమున దొంగ రాడని మేము చెప్పుట లేదు. ఒక్క ఫైలును మాత్రమే విడిచినప్పుడు కావలివాడు తక్కిన వానియందు మేలుకొనియుండును. ఫోల్డరును విడిచినప్పుడు ఆ చోట మనమే వానిని నిద్రపుచ్చితిమి. ఎట్లును ఫోల్డరు తప్పనిచో, ఆ యొక్క చిన్న ఫోల్డరునే విడువవలయును గాని డ్రైవు నంతటిని విడువరాదు. ఎవరు పడిన వారు అందులో ఫైళ్లు వ్రాయకుండునట్లును కట్టుబాటు చేయవలయును.

ఇంకొక మార్గమును కలదు. దొంగల పట్టికకు బదులు అనుమతిగల వారి పట్టిక నుంచి, అందులో లేని ప్రోగ్రాము ఏదియు నడువరాదని శాసించుట. సభ్యుల రిజిస్టరులో పేరులేనివానికి సంఘము ఋణమియ్యదు గదా! అట్లే ఇదియు. సంఘపు కంప్యూటరులో నడువవలసిన ప్రోగ్రాములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. కావున ఈ పద్ధతి మన కార్యాలయములకు తగియున్నదని మా నమ్మకము. అనుమతింపబడిన సాఫ్ట్‌వేరుల జాబితా నుంచుకొనవలెనని భారత రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులోనే నగర సహకార బ్యాంకులకు సూచించినది. మన సంఘములును ఆ బాట త్రొక్కుట మంచిది.

పాలకవర్గములకు మా మనవి యిది. మినహాయింపుల కొక రిజిస్టరు పెట్టవలయును. ఏ ఫైలు, దాని గుర్తు ఏది, ఎందులకు విడిచిరి, ఎవరు కోరిరి, ఎవరు అంగీకరించిరి, ఏ తేదీవరకు అను విషయములు అందు ఉండవలయును. కోరినవాడును అంగీకరించినవాడును ఒక్కడే కారాదు. ఋణపు దరఖాస్తుదారుడే ఋణము మంజూరు చేసికొనునా? ధ్రువీకృత విత్తనమునకు పరీక్షనాటినుండి తొమ్మిది నెలలే గడువు. పిమ్మట మరల పరీక్షింపవలయును. మినహాయింపునకును అట్టి గడువు పెట్టి, గడువు తీరినదానిని తొలగింపవలయును. సాఫ్ట్‌వేరు అమ్మినవారు “ఈ ఫోల్డరును విడువుడు” అని చెప్పినచో, ఏల యని వ్రాతమూలకముగ అడుగవలయును. లెక్కల నకలు నొకదానిని కంప్యూటరునుండి విడదీసి వేరుగ భద్రపరుపవలయును.

“మాకు కంప్యూటరు తెలియదు, మేమేమి అడుగుదుము?” అని సభ్యులు వెనుకకు తగ్గరాదు. మందు చేసిన రసాయనశాస్త్రము తెలియకున్నను డబ్బాపై గడువు తేదీ చూచియే మనము కొనుచున్నాము. రాబోవు మహాజన సభలో జమాఖర్చులు చదివిన పిమ్మట ఒక్క ప్రశ్న వేయుడు: “మన కంప్యూటరు కావలివానికి ఏమేమి చూడవద్దని చెప్పితిమి? ఆ పట్టిక చదివి వినిపింపుడు.” పట్టిక యున్నచో చదువుదురు. లేనిచో ఆ సభయందే దానిని వ్రాయించుటకు తీర్మానము చేయుడు.