ఫ్రంటెండే కదా అనకండి

మా క్లాసులో మినీ ప్రాజెక్టు టీములు కట్టేటప్పుడు ఒక సీను తప్పకుండా ఉంటుంది. బాగా కోడింగ్ వచ్చినోడు "మోడల్ నేను చేస్తా" అంటాడు. రెండోవాడు "బ్యాకెండ్ నాది" అంటాడు. మిగిలినవాడి వైపు అందరూ తిరిగి "నువ్వు ఫ్రంటెండ్ చూస్కో రా, ఈజీ" అంటారు. రిపోర్టు, పీపీటీ కూడా వాడి నెత్తినే. పోయిన సెమిస్టర్ దాకా ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అనను. ఎందుకో చెప్తాను.

మాది హుజూర్‌నగర్. సంక్రాంతి సెలవులకు నేను ఇల్లు చేరేసరికి మా తాత ఆస్పత్రి నుంచి వచ్చి రెండు రోజులైంది. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు లేవట్లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఆస్పత్రి వాళ్ళు ఫైలుతో పాటు ఎమ్మారై సీడీ ఒకటి ఇచ్చి పంపారు. నేను బ్యాగు దించకముందే నానమ్మ ఆ సీడీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కంప్యూటర్ సదువుతున్నవ్ గదా బిడ్డా, తాతకు ఏమైందో సూసి చెప్పు."

నా ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు. జిరాక్స్ షాపుకు పోయి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాను. సీడీలోనే ఒక వ్యూయర్ సాఫ్ట్‌వేర్ ఉంది. తెరిస్తే నల్లటి స్క్రీను, పైన వరసగా బొమ్మలు. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఎక్కడా రాసి లేదు. అరగంట కిందామీదా పడ్డాక మెదడు అడ్డకోతలు కనబడ్డాయి. ఒక కోతలో స్క్రీనుకు ఎడమ పక్క తెల్లటి మచ్చ. ఎడమ చెయ్యి పడిపోయింది, ఎడమ పక్క మచ్చ ఉంది, లెక్క సరిపోయింది అనుకున్నా. నెట్‌లో వెతికితే చాలామందిలో భాషను చూసుకునేది ఎడమ మెదడు అని వచ్చింది. ఇంకేం, అందరి ముందూ చెప్పేశాను: "మాట వచ్చే భాగమే దెబ్బతిన్నది నానమ్మా, ఇక కష్టమే."

ఆమె రెండు రోజులు సరిగ్గా తినలేదు. తాత ఏదో అడగబోతే కళ్ళొత్తుకుంటూ లోపలికి పోయేది. తాతకు అన్నీ అర్థమవుతున్నాయి. చెప్పలేకపోయేవాడు, అంతే.

తర్వాతి వారం చెకప్‌కి పోతే డాక్టరు గారు ఒక్క నిమిషంలో తేల్చేశారు. "దెబ్బ తగిలింది కుడి వైపమ్మా. భాషకు సంబంధించిన భాగం బాగానే ఉంది. మూతి కండరాల్లో బలం తగ్గి మాట ముద్దగా వస్తోంది. ఎక్సర్‌సైజులు చేయించండి, తేటపడుతుంది." నేను ఆగలేక అడిగాను, "సార్, స్క్రీను మీద ఎడమ పక్కనే ఉంది కదా?" ఆయన స్క్రీను అంచు మీద వేలు పెట్టి చూపించారు. అక్కడ చిన్న 'ఆర్' అక్షరం. రైట్ అని.

స్కాన్లు చదివే డాక్టర్లు రోగిని కాళ్ళ వైపు నుంచి చూస్తున్నట్టుగా బొమ్మను చూస్తారు. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి చెయ్యి మనకు ఎడమ పక్కన ఉన్నట్టే, రోగి కుడి మెదడు స్క్రీనుకు ఎడమ పక్కన పడుతుంది. పైగా మెదడు కుడి సగం నడిపేది ఎడమ ఒంటిని. ఇది టెన్త్ బయాలజీలో రాసి మార్కులు తెచ్చుకున్నోణ్ణే నేను.

తప్పు నాదే. తెలియని విషయంలో తీర్పు చెప్పాను. ఆ వ్యూయర్ నాలాంటివాడి కోసం చేసింది కూడా కాదు. కానీ ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. ఆ అక్షరం స్క్రీను మీద ఉంది, నాకు కనబడలేదు. ఉండడం వేరు, కనబడడం వేరు. మరి మెదడు మీద పరిశోధన చేసేవాళ్ళకు, బాగా చదువుకున్నవాళ్ళకు ఈ ఇబ్బంది లేదా? సెలవులయ్యాక ఇదే పనిగా చదివాను. ఉంది. బాగానే ఉంది.

మొదటిది ఈ కుడిఎడమల గోలే. మెదడు పరిశోధనలో ఎక్కువగా వాడేవాటిలో లండన్‌లో పుట్టిన ఎస్‌పీఎం ఒకటి, ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఎఫ్‌ఎస్‌ఎల్ ఇంకొకటి. ఎస్‌పీఎం ఎడమను ఎడమగానే చూపిస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎల్ వ్యూయర్ మామూలుగా డాక్టర్ల పద్ధతిలో తిప్పి చూపిస్తుంది. ఒకే ఫైలు, ఒకే మెదడు, రెండు అద్దాలు. పాత అనలైజ్ ఫార్మాట్ ఫైళ్ళలోనైతే ఏ పక్క ఏదో నమ్మకంగా రాసి ఉండేదే కాదు. ఆ బాధ తీరడానికే 2000ల మొదట్లో నిఫ్టీ అనే కొత్త ఫార్మాట్ తెచ్చుకున్నారు. షేర్ మార్కెట్ నిఫ్టీ కాదండోయ్.

రెండోది డిఫాల్టులు. 2016లో ఆండర్స్ ఎక్‌లుండ్, థామస్ నికోల్స్, హాన్స్ నుట్సన్ అనే ముగ్గురు ఒక పరీక్ష పెట్టారు. ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్న ఆరోగ్యవంతుల ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్లు తీసుకుని, ఎస్‌పీఎం, ఎఫ్‌ఎస్‌ఎల్, ఏఎఫ్‌ఎన్ఐ అనే మూడు సాఫ్ట్‌వేర్లకు ఇచ్చారు. గుంపుల మధ్య నిజమైన తేడా ఏమీ లేదు కాబట్టి తప్పుడు ఫలితం 5 శాతం దగ్గర ఆగాలి. కొన్ని సెట్టింగుల్లో అది 70 శాతం దాకా పోయింది. ఇందులో గణితం పాత్ర పెద్దదే. కానీ ఒక చిన్న పెట్టె పాత్ర కూడా ఉంది. అందులో ముందే నింపి ఉంచే సంఖ్య ఎఫ్‌ఎస్‌ఎల్‌లో 2.3. అంత తక్కువ గీత దగ్గర తప్పుడు ఫలితాలు ఎక్కువ. తర్వాత ఆ డిఫాల్టును 3.1కి పెంచారు. ముందే నింపి ఉన్న పెట్టెను మనలో ఎంతమంది మారుస్తాం? యాప్‌లో 'నెక్స్ట్' 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోయే మన చెయ్యే ల్యాబుల్లోనూ పనిచేస్తుంది.

మూడోది రంగులు. మ్యాట్‌లాబ్‌లో ఏళ్ళ తరబడి డిఫాల్టుగా ఉన్నది జెట్ అనే ఇంద్రధనుస్సు రంగుల వరస. చూడ్డానికి బాగుంటుంది. కానీ సంఖ్యలు నెమ్మదిగా పెరుగుతున్న చోట కూడా రంగు చటుక్కున మారి, లేని హద్దు ఉన్నట్టు కనబడుతుంది. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళకైతే సగం సమాచారమే పోతుంది. 2014లో మ్యాట్‌లాబ్ వాళ్ళు దాన్ని మార్చారు.

ఈ మూడింటిలోనూ పేచీ ఉన్నది డేటాలో కాదు. మనిషికి, డేటాకు మధ్య ఉన్న స్క్రీనులో. దాన్నే మనం 'ఈజీ' అంటున్నాం.

ఇదంతా లండన్ల సంగతి, మనకెందుకు అంటారా? హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి గారి బృందం తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి 2019లో భారతీయుల మెదడు అట్లాస్ ఒకటి తయారు చేసింది. 50 మంది మగవాళ్ళు, 50 మంది ఆడవాళ్ళు, మొత్తం 100 మంది ఎమ్మారైల నుంచి. దాని పేరు ఐబీఏ 100. ప్రపంచమంతా కొలబద్దగా వాడే మాంట్రియల్ టెంప్లేట్ పాశ్చాత్యుల మెదళ్ళతో చేసింది. మన మెదళ్ళు సగటున సైజులో కొంచెం చిన్నవని ఈ బృందం తేల్చింది. తెలివికి దీనికి సంబంధం లేదు, మీమ్‌లు మొదలుపెట్టకండి. పక్కవాడి చొక్కా కొలతతో మన చొక్కా కుట్టించుకుంటే ఏమవుతుందో, పరాయి టెంప్లేట్‌తో కొలిస్తే అదే అవుతుంది. అంటే కొలబద్ద ఇక్కడే, మన కాలేజీకి బస్సు దూరంలోనే తయారైంది. జిల్లా ఆస్పత్రిలో డాక్టరు గారు, మెడికల్ కాలేజీలో పీజీ విద్యార్థి దాన్ని తేలిగ్గా వాడుకునే స్క్రీన్లు ఎవరు చేస్తారు? మనం చేయొచ్చు కదా.

మా సీనియర్ ఒకాయన దీనికి అడ్డం చెప్పాడు. "ఈజీ చేస్తే బుర్ర వాడటం మానేస్తారు. కమాండ్ లైన్ కష్టమే, కానీ ఏం చేశామో రాతలో ఉంటుంది. క్లిక్కులకు రికార్డు ఎక్కడిది?" ఈ మాటలో నిజం ఉంది. ఒక్క బటన్‌తో పేపర్ తయారయ్యే సాఫ్ట్‌వేర్ ప్రమాదమే. కానీ దారి లేకపోలేదు. ఎస్‌పీఎంలో చేసిన క్లిక్కులను ఒక స్క్రిప్టుగా దాచుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌ఎల్‌లో ఫీట్ విండోలో నింపిందంతా ఒక టెక్స్ట్ ఫైలులో భద్రమవుతుంది. వాడటానికి తేలిక అంటే ఆలోచన తీసేయడం కాదు. ఆలోచించాల్సిన చోట మనిషిని ఆపి, అక్కర్లేని చోట వదిలేయడం. కుడిఎడమలు తేలని ఫైలు తెరిస్తే ఆపాలి. రంగు ఎంచుకోవడానికి ఆపక్కర్లేదు.

కాబట్టి నా మాట ఇది. వచ్చే సెమిస్టర్ ప్రాజెక్టులో ఇంకో చాట్‌బాట్ వద్దు. 3డీ స్లైసర్, ఐటీకే-స్నాప్ లాంటివి ఉచితం, వాటి సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. ఒకటి ఇన్‌స్టాల్ చేయండి. స్కాన్ సెంటర్‌లో పనిచేసే అన్ననో, మెడికల్ కాలేజీలో చదివే అక్కనో బతిమాలి, పేర్లు తీసేసిన ప్రాక్టీసు స్కాన్‌తో వాళ్ళ ముందు పెట్టండి. ఒక గంట పక్కన కూర్చోండి. "అది కాదక్కా, ఇక్కడ నొక్కు" అనకండి. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో రాసుకోండి. అదే మీ ప్రాజెక్టు.

తాత మాట ఇప్పుడు చాలా తేటపడింది. ఫోన్ చేస్తే నానమ్మకు ఇవ్వకుండా తనే మాట్లాడుతున్నాడు. నానమ్మ మాత్రం నేను చెప్పేది ఏదైనా "డాక్టర్‌ను అడిగినవా?" అన్నాకే నమ్ముతోంది.

మొన్న కొత్త టీము కట్టాం. ఎవరూ అడగకముందే నేనే అన్నాను, "ఫ్రంటెండ్ నాకివ్వండి." అందరూ నవ్వారు. నవ్వనీ.