పన్ను తగ్గినా గిట్టుబాటు కాని ఇంటి కొవ్వొత్తి

విజయవాడ: కొవ్వొత్తులపై వస్తు, సేవల పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఇంట్లో మైనం కరిగించి, అచ్చుల్లో పోసి, పాకెట్లు కట్టి వీధి దుకాణాలకు అమ్ముకునే మహిళలకు ఇది మేలు చేసే మార్పేనని పైకి కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే మాత్రం వ్యవహారం తలకిందులుగా వున్నది. తగ్గింపు ఫలితం పన్నుల శాఖ వద్ద నమోదైన ఫ్యాక్టరీలకే చేరుతున్నది. నమోదు అవసరం లేని చిన్న తయారీదారులు మునుపటికంటే ఎక్కువ తేడాతో పోటీకి నిలబడవలసి వస్తున్నది.

ఇందుకు కారణం ముడిసరుకు. కొవ్వొత్తికి కావలసిన పారఫిన్ మైనంపై పన్ను 18 శాతం. కొవ్వొత్తిపై పన్ను తగ్గినప్పుడు దీని జోలికి ఎవరూ పోలేదు. తయారైన సరుకుపై 5 శాతం, దాని ముడిసరుకుపై 18 శాతం పన్ను వుండటమే చిక్కుకు మూలం.

తేడా ఎక్కడ వచ్చింది?

లెక్క సులువుగా వుండటానికి కిలో మైనం ధర పన్ను కాక 100 రూపాయలనీ, వత్తి దారం, పాకెట్టు, కూలి కలిపి మరో 30 రూపాయలనీ అనుకుందాం. నమోదైన ఫ్యాక్టరీ మైనంపై కట్టిన 18 రూపాయలను తన పన్ను ఖాతాలో జమ చూపుకుంటుంది. సరుకును 130 రూపాయల అసలుకే లెక్కగట్టి, దానిపై 5 శాతం వేసి, 136 రూపాయల 50 పైసలకు ఇవ్వగలదు. తాను కట్టవలసిన పన్నుకంటే అదనంగా జమ వున్న పదకొండున్నర రూపాయలను తిరిగి ఇమ్మని దరఖాస్తు చేసుకునే వీలు కూడా దానికి వున్నది.

ఇంట్లో తయారుచేసే గృహిణికి ఈ సదుపాయం లేదు. ఆమె మైనం కొన్నప్పుడు కట్టిన 18 రూపాయలు ఖర్చు కిందనే పోతాయి. అందుచేత అదే కిలో సరుకు ఆమెకు 148 రూపాయలు పడుతుంది. పాత 12 శాతం పన్ను కాలంలో ఫ్యాక్టరీ సరుకు 145 రూపాయల 60 పైసలు అయ్యేది. అప్పుడు తేడా రెండు రూపాయల 40 పైసలు మాత్రమే. ఇప్పుడది పదకొండున్నర రూపాయలకు పెరిగింది. కూలిలో కాస్త తగ్గించుకుని రెండున్నర రూపాయల తేడాను భరించవచ్చు. పదకొండున్నర రూపాయలు తగ్గించుకుంటే ఇంటి మనిషి కష్టానికి మిగిలేది స్వల్పం.

నమోదు లేని చిన్న కిరాణా దుకాణానికి అమ్మినప్పుడు వచ్చే తేడా ఇది. నమోదైన పెద్ద దుకాణాల విషయంలో పరిస్థితి మొదటినుంచీ ఇంకా కష్టమే. ఫ్యాక్టరీకి చెల్లించిన పన్ను దుకాణదారుకు జమ అవుతుంది కాబట్టి అతని అసలు ఖరీదు 130 రూపాయలే. ఇంటి సరుకు కొంటే 148 రూపాయలు. పెద్ద దుకాణాలు ఇంటి కొవ్వొత్తులను అరల్లో పెట్టడానికి వెనుకాడటంలో నాణ్యత ఒక్కటే కారణం కాదని దీనివల్ల అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు సరుకు అమ్మేవారు నమోదు చేసుకోనక్కరలేదు. కోరుకుంటే చేసుకోవచ్చు. నెలకు నూరు కిలోల సరుకు చేసే ఇంటికి పై లెక్క ప్రకారం వచ్చే తేడా 1150 రూపాయలు. పద్దులు రాయించడానికి, రిటర్నులు దాఖలు చేయించడానికి అయ్యే ఖర్చు అందులో చాలాభాగం మింగేస్తుంది. మినహాయింపు మేలు కోసమే ఇచ్చినది. ఈ ఒక్క సరుకు విషయంలో అదే భారమైంది.

కోతల కాలం పోయింది

పన్ను సమస్య ఇలా వుండగా గిరాకీ స్వరూపం కూడా మారిపోయింది. 2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి రాష్ట్రమంతటా కరెంటు కోతలు తీవ్రంగా వున్నప్పుడు కిరాణా కొట్టులో ఉప్పు, పప్పుతోపాటు కొవ్వొత్తి కూడా నిత్యావసరమే. ఏ వీధిలో తయారైన సరుకు ఆ వీధిలోనే అమ్ముడుపోయేది. తరువాత సరఫరా మెరుగుపడింది. ఇన్వర్టర్లు, చార్జింగ్ దీపాలు, చివరకు చేతిలోని ఫోను వెలుగు కొవ్వొత్తి స్థానాన్ని ఆక్రమించాయి. తుపాను వచ్చి స్తంభాలు కూలినప్పుడు తప్ప వెలుగు కోసం కొవ్వొత్తి కొనేవారు అరుదు.

ప్రభుత్వ రక్షణ కూడా తొలగిపోయింది. ఒకప్పుడు పారఫిన్ మైనం నియంత్రణలో వున్న సరుకు. దాని సరఫరా, పంపిణీ, ధర నిర్ణయంపై కేంద్రం 1972లో ప్రత్యేక ఉత్తర్వు జారీచేసింది. కొవ్వొత్తుల తయారీ చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించిన జాబితాలో చాలాకాలం కొనసాగింది. ఆ జాబితాలో చివరకు మిగిలిన 20 వస్తువులను 2015 ఏప్రిల్‌లో తొలగించారు. పచ్చళ్లు, అగ్గిపెట్టెలు, అగరువత్తులతోపాటు కొవ్వొత్తులు కూడా వాటిలో వున్నాయి. నాటి నుంచి ఎంత పెద్ద సంస్థ అయినా ఈ సరుకు తయారుచేసి అమ్మవచ్చు.

మైనం మర్మం

పేరులో కొవ్వు వున్నా నేటి కొవ్వొత్తిలో కొవ్వు లేదు. చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే మైనమే దాని శరీరం. చెన్నై సమీపంలోని మనలి, అస్సాంలోని నుమాలీగఢ్ వంటి చోట్ల ఇది తయారవుతుంది. విదేశాల నుంచి కూడా వస్తుంది. ముడి చమురు ధరతోపాటు దీని ధర కూడా కదులుతుంది. బస్తాల లెక్కన కొనేవారికి ఒక ధర, పది కిలోలు కొనేవారికి మరొక ధర. ఇంటి తయారీదారు అడుగడుగునా రెండో వరుసలోనే వుంటుంది.

పని నేర్చుకోవడం కష్టం కాదు. అల్యూమినియం అచ్చుకు లోపల కాస్త నూనె పూసి, వత్తి దారాన్ని బిగుతుగా లాగి కట్టి, కరిగిన మైనం పోసి, అచ్చును నీళ్లలో వుంచితే గట్టిపడుతుంది. చల్లారేటప్పుడు మధ్యలో గుంట పడుతుంది కనుక రెండోసారి కొద్దిగా పోయాలి. నాణ్యత మాత్రం చిన్న విషయాల మీద ఆధారపడి వున్నది. వత్తి సన్నమైతే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. లావైతే పొగ చిమ్ముతుంది. తక్కువ వేడికే కరిగే మైనం చవకగా దొరికిందని కొంటే విజయవాడ ఎండలకు పాకెట్టులోనే వంగిపోతుంది. 58 నుంచి 60 డిగ్రీల దగ్గర కరిగే మైనం, దానికి కొంత స్టియరిక్ ఆమ్లం కలిపితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ప్రమాదం సంగతి మరచిపోరాదు. మైనం గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకుండా, నీళ్లు మరిగే మరో గిన్నెలో వుంచి కరిగించాలి. పొరపాటున మైనం అంటుకుంటే నీళ్లు చల్లరాదు. చల్లితే మంట ఎగసిపడి చుట్టూ చిమ్ముతుంది. వెంటనే మూత పెట్టి, పొయ్యి ఆపాలి. ఒకే గదిలో వంట, పని, పిల్లల చదువు సాగే ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

పండుగల గిరాకీ

వెలుగు కోసం కొనేవారు తగ్గినా మొక్కుకోసం కొనేవారు తగ్గలేదు. గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. లక్షల సంఖ్యలో వచ్చే యాత్రికుల్లో కొవ్వొత్తి వెలిగించకుండా తిరిగి వెళ్లేవారు తక్కువ. క్రైస్తవులే కాక ఇతర మతస్థులు కూడా కొబ్బరికాయ, కొవ్వొత్తి పట్టుకుని కొండకు వస్తారు. నవంబరు 2న సమాధుల పండుగ, డిసెంబరులో క్రిస్మస్, వేసవి మొదట్లో ఈస్టర్ వున్నాయి. దీపావళికి మైనం నింపిన మట్టి ప్రమిదలు అమ్ముడవుతాయి.

ఈ గిరాకీకి రెండు సుగుణాలు వున్నాయి. కొనేవారు నేరుగా కొంటారు కనుక మధ్యలో దుకాణదారు వాటా వుండదు. పైన చెప్పిన పన్ను తేడా కూడా ఇక్కడ అంతగా బాధించదు. వున్న లోపం ఒక్కటే. ఏడాదిలో కొద్ది వారాలు అమ్మకం, మిగతా కాలమంతా ఖాళీ. ఫిబ్రవరి ఉత్సవానికి సరుకు సిద్ధం కావాలంటే డిసెంబరు, జనవరి నెలల్లోనే మైనం కొని పెట్టుకోవాలి. పెట్టుబడి ముందు, రాబడి తరువాత.

గాజు గ్లాసుల్లో పోసిన పరిమళపు కొవ్వొత్తులకు నగరాల్లో ఆదరణ పెరిగింది. వీటికి సోయా మైనం, సుగంధ తైలాలు, గ్లాసులు కావాలి. పెట్టుబడి ఎక్కువ, లాభమూ ఎక్కువే. అయితే వీటిని ఇంటర్నెట్ సంస్థల ద్వారా అమ్మదలచినప్పుడు నిబంధనలు తెలిసివుండాలి. పన్ను నమోదు లేనివారు 2023 అక్టోబరు నుంచి ఇలా అమ్ముకోవచ్చునన్నారు గాని, మామూలుగా ఆ అమ్మకం సొంత రాష్ట్రానికే పరిమితం. పాకెట్టుపై తయారీదారు పేరు, చిరునామా, బరువు, గరిష్ఠ ధర, తయారైన నెల, సంవత్సరం ముద్రించడం కూడా తప్పనిసరి.

వాయిదాల బెడద

స్వయం ఉపాధికి రుణాలు లేకపోలేదు. 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు ఇస్తారు. 2008 నాటి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం సబ్సిడీని నిర్ణయించింది. ఆ సబ్సిడీ చేతికి వచ్చేది కాదు. మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్టుగా వుంటుంది.

రుణం ఇచ్చేటప్పుడు అచ్చులు, యంత్రం ఖరీదు చూస్తారు. సరుకు ఎక్కడ అమ్ముతారన్నది ప్రాజెక్టు కాగితంలో ఒక్క వాక్యంతో ముగుస్తుంది. అమ్మకం పండుగలకు, వాయిదా నెలనెలకు అయినప్పుడు మధ్య నెలల్లో వాయిదా కట్టడానికి గృహిణి మరోచోట అప్పు చేస్తుంది. లేదా తరువాతి పండుగకు మైనం కొనవలసిన డబ్బే బ్యాంకుకు జమ చేస్తుంది. పండుగ వచ్చేసరికి అచ్చులు వుంటాయి, మైనం వుండదు. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పయితే ఆ భారం తోటి సభ్యుల మీద కూడా పడుతుంది.

చేయదగినది

ఈ చిక్కులకు పరిష్కారం కొత్త పథకాలే కానక్కరలేదు. మొదటిది మైనం కొనుగోలు. పట్టణ మహిళా సంఘాల సమాఖ్య ఒకటి పన్ను నమోదు చేసుకుని, మైనాన్ని బస్తాల్లో తెప్పించి, ఇళ్లకు పని అప్పగించి, తయారైన సరుకును తన పేరున అమ్మితే 18 రూపాయల పన్ను జమ సమాఖ్యకు దక్కుతుంది. సభ్యులు కూలి, లాభంలో వాటా పొందుతారు. పద్దుల ఖర్చు యాభై ఇళ్లకు పంచినప్పుడు భారం కాదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చొరవ తీసుకుంటే ఇది సాధ్యమే.

రెండవది రుణ వాయిదాలు. పంట రుణానికి కోత కాలాన్ని బట్టి గడువు పెట్టే బ్యాంకులకు కొవ్వొత్తి రుణానికి పండుగను బట్టి గడువు పెట్టడం కొత్త విద్య కాదు. మూడవది ఉత్సవాల వద్ద చోటు. గుణదలలోను, ఇతర ఉత్సవాల్లోను స్థానిక సంఘాలకు కొన్ని దుకాణాలు తక్కువ అద్దెకు కేటాయిస్తే బయటి సరుకుకు పోయే సొమ్ములో కొంత భాగం ఇక్కడే మిగులుతుంది.

అన్నిటికంటే ముందు పన్నుల మండలి మైనంపై పన్నును మరొకసారి పరిశీలించాలి. కొవ్వొత్తి మీద తగ్గించిన ఏడు శాతం ఎవరికి చేరిందో చూస్తే దాని అవసరం తెలుస్తుంది. అంతవరకు ఈ పనిలోకి కొత్తగా దిగాలనుకునే మహిళలు యంత్రం ధర కనుక్కోవడానికి ముందు తమ సరుకు కొనే పదిమంది ఎవరో, ఏ నెలలో కొంటారో రాసుకోవడం మేలు. ఆ జాబితా నిండిన తరువాతే అచ్చులు కొనవచ్చు.