మొక్కల లెక్క సరే, పుప్పొడి లెక్క ఏదీ?

వానలు వెనకబట్టి, బతుకమ్మకు పూలు ఏరుకునే రోజులు వచ్చేసరికి శంషాబాద్ పరిసరాలలో తుమ్ములు, కళ్ల దురదలు, పిల్లికూతలు మొదలవుతాయి. డాక్టరు వద్దకు వెళితే ఎలర్జీ అంటారు. దేనివల్ల అని అడిగితే రోడ్డు మధ్య పెంచిన పచ్చని చెట్లను చూపించడం ఇటీవల పరిపాటి అయింది.

ఆ చెట్టు పేరు కోనోకార్పస్. ఎడారి గాలికి అడ్డుకట్టగా గల్ఫ్ దేశాలలో విరివిగా పెంచుతారు. 2015 జూలై 3న చిలుకూరులో ప్రారంభమైన హరితహారం నర్సరీలకు ఇది వరప్రసాదంలా దొరికింది. ఇట్టే ఎదుగుతుంది, కత్తిరించినా చిగురిస్తుంది, ఏడాది పొడుగునా పచ్చగా వుంటుంది. లెక్క చూపవలసిన వారికి ఇంతకంటే ఏం కావాలి? తీరా హైదరాబాదు రోడ్ల డివైడర్లన్నీ దానితో నిండిన తరువాత, ఇక నాటవద్దని 2022లో అధికారులే ఆదేశించారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది. దాని పుప్పొడి గాలిలో తేలిపోయే రకమన్నది నిజమే. అయితే దానివల్ల ఎందరికి ఎంత హాని అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కాకినాడలో ఈ చెట్లను కొట్టివేయబోతే ఆధారం చూపమని నిలదీసిన వారూ వున్నారు.

ఇలా అందరి కళ్లూ డివైడరు మీద వుండగా, అసలు దొంగ పక్కనే ప్లాట్లలో దర్జాగా పెరుగుతోంది. అదే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా అదే.

2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాలలో విమానాశ్రయం వచ్చింది. అదే ఏడాది గచ్చిబౌలి నుండి శంషాబాద్ వరకు ఔటర్ రింగు రోడ్డు తెరిచారు. ఆనాటి నుండి ఈ ప్రాంతపు భూమికి రెక్కలు వచ్చాయి. జొన్న, కంది పండిన చెలకలు వెంచర్లయ్యాయి. హద్దు రాళ్లు పాతి, రిజిస్ట్రేషన్ చేయించుకున్న యజమానులలో చాలామంది మళ్లీ ఆ ముఖం చూడరు. కొందరు అమెరికాలో వుంటారు, మరికొందరు మంచి ధర కోసం కాచుకుని వుంటారు. దున్నే నాగలి లేదు, మేసే మంద లేదు. అలాంటి నేల కోసమే వయ్యారిభామ ఎదురుచూస్తుంది. తొలకరికి మొలిచి, నడుమెత్తు పెరిగి, తెల్లని పూతతో ముగ్గు పరచినట్లు కనిపిస్తుంది. చూపులకు ముచ్చటే!

ఈ మొక్క మనది కాదు. 1950లలో పూనా ప్రాంతంలో కనిపించింది, అమెరికా గోధుమలతో పాటు వచ్చిందంటారు. ఒక్కొక్క మొక్క వేల గింజలు రాల్చుతుంది. తాకితే చర్మం పొక్కుతుంది, పుప్పొడి పీల్చితే పడిశం పట్టి కొందరికి ఉబ్బసం దాకా పోతుంది. పశువులు తింటే పాలు చేదెక్కుతాయని పాడి రైతులను అడిగితే చెబుతారు. 1984లో దీనిని తినే మెక్సికో పెంకుపురుగును బెంగుళూరులో వదిలారు. పురుగు తన పని తాను చేస్తూనే వున్నది గాని, వెంచర్ల వేగాన్ని అది మాత్రం ఎలా అందుకోగలదు?

ఖాళీ స్థలాలపై పన్ను వుంది. పన్ను రాబట్టుకునే యంత్రాంగానికి ఆ స్థలంలో ఏం పెరుగుతున్నదో చూసే బాధ్యత లేదనడం విడ్డూరం. యజమాని పీకించకపోతే అధికారులే పీకించి, ఆ ఖర్చును పన్ను బిల్లులో కలిపితే అమెరికాలో వున్నవారికి కూడా చురుకు తగులుతుంది. అయితే పీకే పారిశుద్ధ్య కార్మికులను ఒట్టి చేతులతో పంపడం మరో పాపం. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ ఇవ్వాలి. మనుషులు చేరలేని చోట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లినా మొక్క మాడిపోతుంది. పంట నేలలో మాత్రం ఇది పనికిరాదు.

ఇక చెట్ల సంగతి. వున్న కోనోకార్పస్‌ను ఒక్కసారిగా నరికితే బెంగుళూరు జాతీయ రహదారి దుమ్ము నేరుగా ఇళ్లలోకి వస్తుంది. పక్కన వేరే మొక్క ఎదిగాక ఒక్కొక్కటిగా తీయడమే తెలివైన పని. ఆ వేరే మొక్క కోసం దూరం పోనక్కరలేదు. వేప, కానుగ పూలకు పురుగులు, తేనెటీగలే పుప్పొడి మోస్తాయి, గాలికి పెద్దగా పని వుండదు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లదైతే మరీ గుట్టు కాపురం, పూవంతా కాయలోపలే, దూరి బయటకు వచ్చేది సన్నని కందిరీగ. కాకపోతే మర్రిపండుకు పక్షులు మూగుతాయి, విమానాలకు పక్షులంటే ప్రాణగండం. కనుక రన్‌వే దరిదాపుల్లో వద్దు. పట్టణం లోపల, చెరువు గట్ల మీద అభ్యంతరం ఏముంది? 2024 నుండి వన మహోత్సవం పేరిట సాగుతున్న నాట్లలోనైనా ఎన్ని అనే ప్రశ్నతో పాటు ఏవి అనే ప్రశ్న కూడా వేసుకోవాలి.

గాలి కాలుష్యానికి జాతీయ ప్రమాణాలు 12 పదార్థాలకు వున్నాయి. అందులో దుమ్ము వుంది, సీసం వుంది, పుప్పొడి లేదు. ఇదేమంత తేలిక విషయం కాదు. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుములతో కూడిన గాలివాన గడ్డి పుప్పొడిని చిదిమి ఊరంతా చల్లితే వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది మరణించారు. చండీగఢ్‌లో ఏ నెలలో ఏ మొక్క పుప్పొడి గాలిలో వుంటుందో తెలిపే పట్టికను అక్కడి వైద్య సంస్థ తయారు చేసింది. మృగశిర కార్తె నాడు చేపమందు కోసం వేలాది ఉబ్బసం రోగులు నాంపల్లికి చేరే ఈ నగరానికి అటువంటి పట్టిక అక్కరలేదా?

అందుకు శంషాబాద్ కంటే అనువైన చోటు లేదు. విమానం దిగడానికి గాలి ఎటు నుండి ఎంత వేగంతో వీస్తున్నదో విమానాశ్రయంలో రేయింబవళ్లు కొలుస్తూనే వుంటారు. ఆ పరికరాల పక్కన పుప్పొడిని పట్టే పరికరం ఒకటి అమర్చి, వివరాలను ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి, ఇక్కడి ఆరోగ్య కేంద్రాలకు పంపితే డివైడరు చెట్టుదా, ప్లాటు గడ్డిదా నేరం అన్నది ఏడాదిలో చాలావరకు తేలుతుంది. ప్లాట్లు శుభ్రం చేయడానికి మాత్రం అంతవరకూ ఆగనక్కరలేదు. మొలిచిన వయ్యారిభామ పూతకు రావడానికి నెల రోజులు చాలు.